రాగి వాషరు

మొన్న మా మనవడి కారు నిలబెట్టిన చోట, గచ్చు మీద అరచేయంత నల్లటి మరక కనిపించింది. వాడు గిద్దలూరు బజారు నుంచి మెకానిక్కును పిలిపించాడు. ఆ కుర్రాడు కారు కిందకి దూరి, "ఇంజను కింద ఆయిలు నట్టు దగ్గర కారుతుందన్నా, వాషరు పోయింది" అని, నేను కాఫీ తాగి గ్లాసు కింద పెట్టేలోపు కొత్తది వేసి బయటికి వచ్చాడు. పాత వాషరు ఒకసారి చూపించమని అడిగాను. "ఏం చేసుకుంటావు జేజీ, చెవికి పెట్టుకుంటావా?" అని మనవడు నవ్వాడు. వాడి నవ్వులో తప్పేమీ లేదు. ఎనభై దాటిన ముసలిది ఇంజను వాషరు అడిగితే ఎవరైనా నవ్వుతారు. కానీ ఆ చిన్న రేకు చుట్టను వేళ్ళ మధ్య తిప్పుతుంటే, నాకు రాచర్ల అవతల మా అత్తగారి ఊరూ, మా ఆడబిడ్డ తెల్లచీరా గుర్తొచ్చి ఆ పూట అన్నం సయించలేదు.

నేను ఆ ఇంటికి చిన్నకోడలుగా కాపురానికి వచ్చింది రెండో ప్రపంచయుద్ధం రాకముందు. మా తాలూకాలు అప్పట్లో కర్నూలు జిల్లా కింద ఉండేవి, కర్నూలేమో మద్రాసు కింద. వాయిదాకు కర్నూలు, అప్పీలుకు మద్రాసు. మా బావగారికి రెండు ప్రయాణాలూ ఇష్టమే. పొలం గట్ల కోసం ఆయన వేసిన దావాలు ఆ గట్లకంటే పొడుగు. ఆ దావాలకు తగిన హోదా కోసమే కాబోలు, మార్కాపురంలో పలకల గనుల కంట్రాక్టరు ఒకాయన వాడి వదిలేసిన కారును కొన్నాడు. అది మా ఊరికి వచ్చిన రోజున వాగు ఇసుకలో దిగబడితే ఎద్దులను కట్టి లాక్కొచ్చారు. ఎద్దులు లాగుతుంటే బావగారు లోపల కోటు వేసుకుని కూర్చుని, ఊరందరికీ నమస్కారాలు పెట్టాడు. కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. తర్వాత ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ కారు కొట్టంలోనే ఉండేది. వెనక సీటులో కోళ్ళు గుడ్లు పెట్టేవి. వాయిదా ఉన్న రోజున ముందు గుడ్లు తీసి, తర్వాత బావగారు ఎక్కేవాడు. రైలు కోసం గిద్దలూరు స్టేషను దాకా ఆ సవారీ.

కారు నడిపేందుకు మాలపల్లె నుంచి ఒకాయన వచ్చేవాడు. క్రైస్తవులు. అంతకుముందు నంద్యాల వైపు బస్సుల్లో క్లీనరుగా ఉండి డ్రైవింగు నేర్చాడట. నెమ్మదైన మనిషి. ఆయన భార్య మా చేలల్లోనే కూలికి వచ్చేది. కారు తాకవచ్చు, కారులో బావగారి ముందు సీట్లో కూర్చోవచ్చు, కానీ మా వసారా మెట్టు మాత్రం ఎక్కకూడదు. ఆ లెక్క ఎవరు వేశారో గానీ ఇంట్లో ఎవరికీ వింతగా ఉండేది కాదు. కొత్తగా వచ్చిన నాకూ కొద్దిరోజులకు వింత పోయింది.

ఇక మా వదిన. బావగారికి చెల్లెలు, మా ఆయనకు అక్క. త్రిపురాంతకం దగ్గర ఊరికి ఇచ్చారు. కాపురానికి పోయిన కొన్నాళ్ళకే భర్త జ్వరంతో పోతే, తెల్లచీర కట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. అప్పటికి ఆమె నాకంటే కొద్దిగానే పెద్ద. శుభకార్యాలకు ఎదురు రాకూడదు కాబట్టి ఎప్పుడూ పెరటి వైపే ఉండేది. ఆ పెరట్లోనే కుట్టుమిషను విప్పి, ముక్కలన్నీ చాటలో పోసి, తుడిచి మళ్ళీ బిగించేది. బావి గిలక కీచుమంటే ఆమే చూసేది, తాళం పడకపోతే ఆమే. డ్రైవరు కారు మూత ఎత్తినప్పుడల్లా పెరటి కిటికీ దగ్గర నిలబడేది. ఏదైనా అడగాలంటే నన్ను పంపేది. "ఆ గొట్టం ఎందుకో అడిగి రాపో" అనేది. నేను అడిగి వచ్చి, సగం మరిచిపోయి, నాకు తోచింది చెప్పేదాన్ని. "అట్ల కాదులే, మళ్ళీ పో" అనేది నవ్వుతూ. ఆమె నవ్వు నేను చూసింది ఆ కిటికీ దగ్గరే.

శెనక్కాయల రోజులు. బావగారూ మా ఆయనా వాయిదాకు కర్నూలు పోయారు. పాలేర్లు కాయల బండ్లు కట్టుకుని కంభం పోయారు. ఇంట్లో మా అత్త, నేను, వదిన, నిండు నెలలతో బావగారి భార్య, అంటే నేను అక్కా అని పిలిచే తోడికోడలు. మగదిక్కంటే పశువులు కాసే ముసలాయన ఒక్కడే. అంతకుముందు పోయిన కాన్పులు అక్కకు రెండు మూడు ఉన్నాయి. తెల్లవారుతూనే నొప్పులు మొదలైతే మంత్రసాని వచ్చి చూసి, చేతులు కడుక్కుని, "బిడ్డ అడ్డం తిరిగింది. నా చేత కాదమ్మా. మార్కాపురంలో దొరసాని డాక్టరమ్మ ఉంది, ఆడికి తీసుకపోండి" అని చెప్పేసింది. బండి మీద పోతే దారిలోనే అయిపోతుందని ఆమె అనలేదు గానీ మాకు అర్థమైంది.

డ్రైవరు పిలిస్తే వెంటనే వచ్చాడు. కుడిచేతికి గుడ్డ చుట్టి ఉంది. రెండు రోజుల కిందట కారు స్టార్టు చేసే హ్యాండిలు తిప్పుతుంటే ఎదురు తన్ని మణికట్టు బెణికిందట. స్టీరింగు పట్టుకుంటానన్నాడు. కొట్టంలోకి పోయి చూసి నిలబడిపోయాడు. కారు కింద నేలంతా నల్లగా తడిసి ఉంది. "ఇంజను కింద నట్టు కాడ కారుతాంది. ఇంజనులో ఆయిలు సగం గూడా లేదు. డబ్బాలో ఉండేది పోసినా మార్కాపురం దాకా నిలవదు. ఆయిలు అయిపోతే ఇంజను పట్టుకపోతుంది, అడవి కాడ ఆగిపోతాం" అన్నాడు వసారా కింద నిలబడి. ఎడమచేత్తో స్పానరు పట్టి చూశాడు. జారింది. నట్టు మూలలు అరిగితే ఇక ఎవరి వల్లా కాదని వదిలేశాడు. కాపరి తాత చేతులకు వణుకు.

లోపల అక్క అరుపు మారింది. వదిన పెరటి తలుపు దాటి ముందుకు వచ్చింది. ఆమె ముందు వాకిట్లోకి రావడం నేను అప్పుడే చూడటం. "నేను తిప్పుతా. ఎట్ల చేయాల్నో చెప్పన్నా" అంది. డ్రైవరు మా అత్త వైపు చూశాడు. మా అత్త గుమ్మంలో నిలబడి ఉంది. కోడలి అరుపు ఇంకోసారి వినబడింది. "పోమ్మా. ఎవరేమన్నా నేను చెప్తా" అంది మా అత్త. ఆ మాట నా చెవులతో విన్నాను.

వదిన కొంగు నడుముకు దోపి కారు కిందకి పాకింది. నేను వెడల్పు మూకుడు అందించాను. డ్రైవరు స్పానరును నేల మీద పెట్టి వెనక్కి జరిగితే, ఆమె తీసుకుంది. నిలబడి చెబితే ఆయనకు నట్టు కనబడదు. అందుకని కారుకు అవతలి పక్కన నేల మీద పండుకుని, అక్కడి నుంచి చూస్తూ, ఎటు తిప్పాలో, ఎంత తిప్పాలో చెప్పాడు. ఇద్దరి మధ్యా కారు వెడల్పంత దూరం. నట్టు ఊడి రాగానే మిగిలిన ఆయిలంతా మూకుడులోకీ, ఆమె మోచేతి మీదకీ, చీర మీదకీ కారింది. నట్టుకు ఉన్న రాగి వాషరు ఏళ్ళ తరబడి బిగింపుకు గట్టిపడిపోయింది. "కొత్తది యాడ తెచ్చేది? ఎర్రగా కాల్చి నీళ్ళలో ఏస్తే మెత్తబడుతుంది చిన్నమ్మా. అప్పుడు మళ్ళీ అతుక్కుంటుంది" అన్నాడు డ్రైవరు. వదిన వంటింట్లోకి పరుగెత్తి, పట్టకారుతో వాషరును పొయ్యి నిప్పుల్లో పెట్టి ఊదింది. పక్క గదిలోనే అక్క ఉంది. ఆ అరుపులు వింటూ, వాషరు ఎర్రబడేదాకా అక్కడి నుంచి కదలకుండా కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. నేను కూర్చోలేక బయటికి పోయాను. ఆమె కూర్చుంది. సుయ్యిమని నీళ్ళలో వేసి, గీరలు లేకుండా ఇసుకతో తోమి, మళ్ళీ కారు కిందకి పోయి బిగించింది. "ఇంకొంచెం. చాలు, చాలు. ఎక్కువైతే మర పోతుంది" అని ఆయన అంటుంటే ఆగింది. మూకుడులోని ఆయిలును గుడ్డలో వడకట్టి, డబ్బాలోది కూడా కలిపి పోశారు. అందరం నట్టు వైపు చూస్తూ ఉండిపోయాం. చుక్క పడలేదు.

హ్యాండిలు తిప్పే చేయి లేదు కాబట్టి, అక్కనూ అత్తనూ ఎక్కించి, వదినా నేనూ వాడకట్టు ఆడవాళ్ళూ కలిసి పల్లానికి తోశాం. ఇంజను అందుకుంది. దుమ్ములో కారు మలుపు తిరిగిందాకా వదిన రోడ్డు మీదే నిలబడింది. నల్లటి చేతులు, నల్లటి చీర. ఎదురింటి అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి ఒకాయన అదంతా చూశాడు. తోయడానికి మాత్రం ఆయన లేవలేదు.

అక్క బతికింది. మగబిడ్డ పుట్టాడు. కబురు అంది బావగారు కర్నూలు నుంచి నేరుగా మార్కాపురం పోయి, కొడుకును చూసుకుని, బజారంతా చక్కెర పంచి ఇంటికి వచ్చాడు. వాకిట్లోనే ఎదురింటాయన పలకరించాడు. ఏం చెప్పాడో నేను వినలేదు. వినకపోయినా తెలుసు. మాలపల్లె మనిషీ, ఈ ఇంటి విధవా ఒకే కారు కింద పండుకున్నారన్నది ఊళ్ళో అప్పటికే మూడు రకాలుగా తిరుగుతోంది.

బావగారు కేకలు వేయలేదు. డ్రైవరును పిలిపించి, తాళంచెవి మెట్టు మీద పెట్టమన్నాడు. "రేపట్నుంచి రావొద్దు."

"నేను చేసిన తప్పేందయ్యా?" అన్నాడు ఆయన.

"తప్పు చేసినావని ఎవరన్నారు? రావొద్దన్నా, అంతే. నీ ఆడమనిషిని గూడా చేలోకి రావొద్దని చెప్పు."

ఆయన కట్టు కట్టిన చేత్తోనే తాళంచెవి తీసి పెట్టి పోయాడు. కొద్దిరోజులకు భార్యాబిడ్డలతో ఊరు విడిచాడు. రైలు కట్ట పనికి పోయారని ఎవరో అన్నారు. మళ్ళీ ఆయన సంగతి నాకు తెలియలేదు.

వదినను ఏమీ అనలేదు. త్రిపురాంతకం కబురు పోయింది, ఆమె మరిది బండి కట్టుకుని వచ్చాడు. అప్పుడు అర్థమైంది ఆమెకు. మా అత్త వసారాలో కందులు చెరుగుతోంది. వదిన ఆమె ముందు కూర్చుని, "అమ్మా, నువ్వు చెప్పు. నువ్వే గదా పొమ్మంటివి" అంది. మా అత్త చాట ఆపలేదు. "నాకేం తెలుసు తల్లీ. నేను లోపల పెద్దకోడలి కాడ ఉంటి" అంది. బావగారు ఆ పక్కనే నిలబడి ఉన్నాడు. వదిన లేచి, మూట తీసుకుని బండెక్కింది. ఆ రోజు నల్లబడిన తెల్లచీరకు ఎంత ఉతికినా మరక పోలేదు. అదే కట్టుకుని పోయింది, ఆమెకు ఉన్నవే తక్కువ.

అక్క బిడ్డతో ఇంటికి వచ్చాక జరిగిందంతా చెప్పాను. బిడ్డకు పాలిస్తూ వింది. "ఆయన ముందర నేను నోరెత్తేదానినా? బిడ్డ దక్కినాడు. ఇంకేం మాట్లాడమాకు" అంది. మా ఆయనకు చెబితే, అన్న మాటకు ఎదురు పోలేనన్నాడు. తర్వాత బాధతో రెండు పూటలు అన్నం మానేశాడు. దాని వల్ల ఎవరికి ఏం ఒరిగిందో ఆయనకే తెలియాలి.

కారు ఇంట్లోనే ఉంది, డ్రైవరు మారాడు. కథ కూడా కొద్దికొద్దిగా మారింది. మొదట బావగారు "దేవుడు కాపాడినాడు" అనేవాడు. కొన్నేళ్ళకు "ఆ పూట డ్రైవరు ఏదో సరిచేసినాడు" అయింది. ఆ కొడుకు పెళ్ళిలో వియ్యంకుల పంక్తిలో కూర్చుని, "వాయిదా గీయిదా వదిలేసి వచ్చినా. కారు కింద నేనే దూరి, ఇంత ఆయిలు మీద పోసుకొని బిగించినా" అని చెప్పాడు. అక్క ఆ పంక్తిలోనే నెయ్యి వడ్డిస్తోంది. బావగారి విస్తట్లోనూ వేసి, పక్క విస్తరికి జరిగింది. పెళ్ళికొడుకు తన తండ్రి వైపు చూసిన చూపు ఎంత ప్రేమగా ఉందంటే, నేను వంటశాలలోకి పోయి కూర్చున్నాను.

ఆ తర్వాత ఒకసారి త్రిపురాంతకం తిరునాళ్ళకు పోయినప్పుడు వదినను చూశాను. మరిది వాళ్ళ గొడ్లచావిడి పక్కన చిన్న గది ఇచ్చారు. పేడకళ్ళెత్తి ఎత్తి నడుము వంగిపోయింది. పెళ్ళి పంక్తిలో బావగారు చెప్పిన మాటలు చెప్పాను. ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. రావాలని కూడా అనుకున్నాను.

"మళ్ళీ కారిందా అది?" అని మాత్రం అడిగింది.

"లేదు వదినా. యుద్ధంలో పెట్రోలు దొరక్క అమ్మేసిందాకా చుక్క కారలేదు."

"కారదులే. బాగా బిగించినా" అని తలుపు వైపు చూసింది.

ఆమె పోయినప్పుడు కర్మకు నాతో పాటు ఆ కొడుకు కూడా వచ్చాడు. అప్పటికి బావగారూ అక్కా లేరు. పెద్ద ఉద్యోగం చేస్తున్నాడు, మనిషి మంచివాడే. చావిడి గోడ మీద పెట్టిన దీపం ముందు నిలబడి, "పిన్నీ, ఈమె మనకు ఏమవుతుంది?" అని మెల్లగా అడిగాడు. "మీ నాయనకు చెల్లెలు" అన్నాను. కారు సంగతి కూడా మొత్తం చెప్పాను, ఏదీ దాచకుండా. ఓపికగా విన్నాడు. విని, నా భుజం మీద చేయి వేసి, "పెద్దదానివైనావు పిన్నీ, మరిచిపోయినట్టున్నావు. అది చేసింది నాయన గదా" అన్నాడు.

గడిచిన కాలం గురించి అందరూ మెత్తగా మాట్లాడతారు, గాయాలు మాన్పుతుందని, నిజం తేలుస్తుందని. నేను చూసిన కాలం అట్లాంటిది కాదు. గట్టిగా చెప్పినవాడి మాటను అది నిలబెట్టింది, ఊరుకున్నవాళ్ళను ఊరుకున్నట్టే తీసుకుపోయింది.