ముల్లు మీద రూపాయి బిళ్ళ

ఎనభైల్లో మార్టూరులో మైకుసెట్టు అంటే నాదే. ఊళ్ళో మరో రెండుండేవి కానీ వాటిని నేను లెక్కలోకి తీసుకోలేదు. పెళ్ళికూతురు గుమ్మంలో కాలు పెట్టగానే పాట అందుకోవాలంటే రికార్డు మీద సుద్దముక్కతో గీత గీసి, అక్కడ వేలితో ఆపి పట్టుకుని, సైగ రాగానే వదిలేవాణ్ణి. రోడ్డు మీద రాళ్ళ లారీ పోతే ఆ అదురుకి రికార్డు మీది ముల్లు ఎగిరిపడకుండా దాని నెత్తిన రూపాయి బిళ్ళ పెట్టేవాణ్ణి. ఇంతకు మించిన విద్య ప్రపంచంలో లేదని నా నమ్మకం.

మా చెల్లి పెళ్ళికి అక్క మొగుడు బొంబాయి నుంచి దిగాడు. అక్కడెవరింట్లోనో వీడియో క్యాసెట్టు చూశాడట. అమెరికాలో నల్లజాతి కుర్రాళ్ళు రికార్డుని చేత్తో ముందుకీ వెనక్కీ రుద్దుతుంటే జనం గంతులేస్తున్నారట.

"రికార్డు తిరిగే ప్లేట్లు రెండురా, రెండిటి మీదా ఒకటే రికార్డు. డప్పు మోగే ముక్క ఒక్కటే మార్చి మార్చి వినిపిస్తారు. గుర్తుకి గీతలు కూడా గీసుకుంటారు."

"గీతలు నేను పదేళ్ళ నుంచి గీస్తున్నా బావా. నన్నెవడూ వీడియో తియ్యలేదు."

"కరెంటు వీధి స్తంభం నుంచి లాగుతారు, తెలుసా?"

"మరి మనం ఎక్కణ్ణుంచి లాగుతున్నామనుకున్నావు?"

నవ్వాడు. "అన్నీ తెలుసులే నీకు. కానీ రుద్దేటప్పుడు ముల్లు మీద అంత బరువుండకూడదు. ఆ బిళ్ళ తియ్యాలి."

బొంబాయిలో రాళ్ళ లారీలు తిరగవులే అన్నాను. అంతటితో ఊరుకోలేదు. మా బావ బట్టలుతికినట్టు రికార్డులు రుద్దుతాడని కనిపించిన ప్రతివాడికీ చెప్పి నవ్వించాను. లోపల మాత్రం కడుపు మండిపోయింది. నా చేతికి రాని పని ఒకటుందని నాకే చెబుతాడా!

పెళ్ళిరోజు పొద్దున చర్చిలో ఎవరూ లేరు. ప్లేటు మీద చెల్లి ఇచ్చిన రికార్డుంది, చనిపోయిన మా అమ్మ కొనుక్కున్న భక్తిపాటలు. "అమ్మ ఎలాగూ లేదు. ఈ పాటైనా నాతో నడవాలి అన్నయ్యా," అని ముందురోజే చేతిలో పెట్టింది. మైకు ఆపేసి, ఆ రికార్డునే నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ రుద్దాను. ముల్లు కింద సన్నగా జర్రుమంది. బిళ్ళ ఉన్నచోటే ఉంది. దీనికా ఇంత గొప్ప అనుకుని మూత వేశాను.

చెల్లి గుమ్మంలో కాలు పెట్టింది. పాట అందుకుంది. నాలుగడుగులు వేసిందో లేదో ముల్లు ఇరుక్కుంది. అదే మాట, మళ్ళీ అదే మాట. పూలగుత్తి పట్టుకుని చెల్లి నడవ మధ్యలో ఆగిపోయింది. నేను వైర్లు కదుపుతూ కూర్చున్నాను. ముందు వరసలోంచి బావ లేచొచ్చాడు. బిళ్ళ తీశాడు. రికార్డుని వేలితో ఆపి, ముల్లుని తరువాతి చరణం మొదట్లో దించి, వదిలాడు. చెల్లి అడుగూ చరణమూ ఒకేసారి పడ్డాయి.

కానీ జనానికి కనిపించింది రికార్డు మీద బావ చెయ్యి.

"దేవుడి మందిరంలో కూడా బొంబాయి వేషాలేనా అండీ?" అన్నాడు సంఘపెద్ద.

"చెబితే వినడండీ," అన్నాను నేను. సిగ్గులేకుండా అన్నాను.

భోజనాల దగ్గర చెల్లి బావ ముందుకొచ్చి నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మీ సరదాకి మా అమ్మ పాటే దొరికిందా బావా?"

"తప్పయిందమ్మా," అన్నాడు బావ.

ఆమె వెళ్ళాక నా చొక్కా జేబులో రూపాయి బిళ్ళ వేశాడు. "తియ్యమని చెప్పానుగా," అని, విస్తరి ముందు కూర్చున్నాడు.