గరిటెతో విన్న గరగర

అచ్చుయంత్రాల పక్కన నిలబడి నిలబడి మిషన్ మాస్టరుగారి చెవులు మందగించాయి. ఉద్యోగ విరమణ నాటికి సన్నని ధ్వనులన్నీ ఆయనకు దూరమయ్యాయి. పాటల్లో ఆయనకు మిగిలినది, హాలు మూలనున్న సబ్‌వూఫర్ పెట్టె నుంచి వెలువడే లోతైన దరువు మాత్రమే. సాయంకాలం ఆ పెట్టెపై అరచేయి ఆనించి పాటలు వినేవారు. శబ్దం చాలదనిపించినప్పుడల్లా మీట మరికాస్త తిప్పేవారు.

దాని మంచిచెడ్డలు ఇల్లాలికి నేర్పినది ఆయనే. స్విచ్చి వేయగానే ఒక్క ‘డుబ్’, పాట లేనప్పుడు దగ్గరగా వింటే తెలిసే చిన్న గుంయిమనడం, దరువు పడినప్పుడు పెట్టెకున్న రంధ్రం నుంచి గాలి తన్నడం దానికి ఊపిరి వంటివనీ, భయపడనక్కరలేదనీ చెప్పారు.

అయితే కొన్నాళ్ళుగా పెద్ద దరువు పడినప్పుడల్లా గరగర వినవస్తోంది. ఆమె గోడ మీది పటం దించి చూసింది, బల్ల మీది గ్లాసులు జరిపింది. గరగర పోలేదు, అది పెట్టె లోపలిదే. ఆయన మాత్రం హాయిగా తల ఊపుతున్నారు. ఆమెకు ముందు నుయ్యి, వెనుక గొయ్యి అయింది. చెబితే, తన చెవులు ఎంతగా పోయాయో ఆయనకు తెలిసిపోతుంది. చెప్పకుంటే, ఆయనకు మిగిలిన ఆ కాస్త పాటా పోతుంది.

ఒక సాయంత్రం పాట నడుస్తుండగా ఆమె వంటగది నుంచి చెక్క గరిటె తెచ్చి ఆయన ముందు నిలబడింది.

"ఏమిటే, కొట్టడానికొచ్చావా?"

"కొట్టేదాన్నయితే ఇన్నేళ్ళు ఆగుతానా?" అని ఆమె గొంతు పెంచింది. "ప్రెస్సులో బేరింగు పోతే కర్ర ఆనించి కనిపెట్టేవాణ్ణని గొప్పలు చెప్తారుగా. ఇప్పుడు కనిపెట్టండి చూద్దాం."

ఆయన నవ్వుతూ గరిటె ఒక కొనను పెట్టెకు, రెండవ కొనను చెవి వెనుక ఎముకకు ఆనించారు. నవ్వు ఆగిపోయింది. పాట ఆపి, ముందున్న గుడ్డ చట్రం ఊడదీసి, లోపల దరువుకు అదిరే అట్ట గిన్నెను వేళ్ళతో సమంగా, మెల్లగా నొక్కారు. ఏదో రాసుకుంటున్నట్లు వేళ్ళకు తెలిసింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"చాన్నాళ్ళే అయింది."

"మరి చెప్పలేదేం?"

"మీకూ వినపడుతోందిలే, చూసుకుంటారులే అనుకున్నా."

అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఆయన మీట వంక చూశారు.

"నాకు చాలట్లేదని పెంచుకుంటూ పోయా. దీని గొంతు చించింది నేనే."

"పోనిద్దురూ. బాగుచేసేవాడున్నాడుగా."

"దీనికున్నాడు." ఆయన తన చెవి తడుముకున్నారు. "వాడి కొట్టు పక్కనేగా చెవుల డాక్టరు? రేపు ఇద్దరం వెళ్దాం. ముందు నన్ను చూపించు. లేకపోతే బాగై వచ్చినదాన్ని మళ్ళీ చెడగొడతా."

ఆమె గరిటె కోసం చేయి చాచింది.

"తీసుకో, కూర మాడుతోంది," అన్నారాయన. "నా ముక్కు ఇంకా బాగానే ఉందే."