రాహుకాలం దాటాక ఐరిష్ ఆటకి

ఇండియానా వెళ్లి కాలేజీ ఫుట్‌బాల్ చూడాలని మా తెలుగు సంఘం పిల్లలు ఈ మధ్య తెగ ఉబలాటపడుతున్నారు. "ఆంటీ, మీరు చాలాసార్లు వెళ్లారట కదా, ఏ సైడ్ సీట్స్ బుక్ చేస్తే బాగుంటుంది?" అని ఒకమ్మాయి అడిగింది. సీట్ల సంగతి, పార్కింగ్ సంగతి, ఎక్కడ ఏం తినాలో అన్నీ చెప్పగలను. ఆట మొదలయ్యే ఆ మొదటి తన్ను, అదే కిక్కాఫ్, ఎలా ఉంటుందో మాత్రం నన్నడక్కండి. ఇన్నేళ్లుగా వెళ్తున్నాను, ఒక్కసారి కూడా చూడలేదు. ఎందుకు చూడలేదో చెప్పాలంటే మా మొదటి ప్రయాణం గురించి రాయాలి.

ఎనభైల మొదట్లో మాట. అప్పటికి మేం చికాగో పక్కనున్న నేపర్‌విల్ వచ్చి రెండేళ్లయింది. మా ఆయన ప్రసాదరావు గారు ఇంజనీరు, నేను హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. పక్కింట్లో డెనిస్ గారని డెబ్బై దాటిన పెద్దాయన ఒంటరిగా ఉండేవారు. చికాగో వెళ్లే కమ్యూటర్ ట్రైన్‌లో కండక్టర్‌గా చేసి రిటైర్ అయ్యారు. ఆయన వాళ్లమ్మ ఐర్లండ్‌లోని మేయో అనే ప్రాంతం నుంచి పనిమనిషిగా వచ్చిందట. మేం వెళ్లే ఇండియానా కాలేజీ పేరు రాయను గానీ, వాళ్ల టీమ్‌ను అందరూ పిలిచేది 'ఐరిష్' అనే. డెనిస్ గారికి ఆ టీమ్ అంటే ప్రాణం. ముప్పై ఒక్క ఏళ్లపాటు సీజన్‌లో ప్రతి శుక్రవారం సాయంత్రం రైలెక్కి, ఆ కాలేజీ ఊళ్లోనే ఉండే తమ్ముడు టామ్ ఇంటికి వెళ్లి, శనివారం ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఆట చూసేవారు. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క కిక్కాఫ్ కూడా తప్పలేదు.

ఆ ఏడు వేసవికి ముందే టామ్ పోయాడు. డెనిస్ గారికి కళ్లలో శుక్లాలు, డ్రైవ్ చేయలేరు. వెళ్తే దిగడానికి తమ్ముడి ఇల్లూ లేదు. సెప్టెంబరు, అక్టోబరు ఆటలన్నీ రేడియోలోనే విన్నారు. నవంబరులో ఆఖరి ఆట ఉందనగా ఒకరోజు కంచె దగ్గర నిలబడి, తమ్ముడి ఆకుపచ్చ టోపీ చేతిలో తిప్పుతూ, "కిక్కాఫ్ టైమ్‌కి ఈ టోపీ టామ్ సీట్లో ఉండాలి రాజీ. ఈ ఏడాదికి ఇంకేమీ అక్కర్లేదు నాకు" అన్నారు. (మాట్లాడింది ఇంగ్లీషులోనే, నాకు గుర్తున్నట్టు తెలుగులో రాస్తున్నాను. నా పేరు రాజ్యం, ఆయనకి మాత్రం రాజీ.) నా నోరు ఊరుకుంటుందా? "మేం తీసుకెళ్తాం" అనేశాను. లోపలికొచ్చి చెప్తే మా ఆయన, "నాకు ఫుట్‌బాల్ ముక్క తెలీదు రాజ్యం, నువ్వు మాటిచ్చేశావు సరే, డ్రైవర్‌ని ముందు అడగాలిగా!" అన్నారు. అన్నారే గానీ, శుక్రవారమే కారు కడిగి టాంక్ నింపుకొచ్చారు.

ఆట మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి. దూరం నూట ఇరవై మైళ్లు, రెండు గంటల ప్రయాణం. ఉదయం తొమ్మిదింటికే బయల్దేరదామన్నారు డెనిస్ గారు. అక్కడ అడ్డుపడింది నేనే. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర దాకా రాహుకాలం. తెనాలిలో మా నాన్న రాహుకాలంలో గుమ్మం దాటి ఎరగరు, నాకూ అదే పట్టుకుంది. పదిన్నరకి బయల్దేరితే పన్నెండున్నరకల్లా అక్కడుంటాం, ఇంకా గంట చేతిలో ఉంటుందని లెక్క చెప్పాను. డెనిస్ గారు నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు సరికదా, చాలా సీరియస్‌గా తలూపారు. "మా అమ్మ దారిలో ఎర్రజుట్టు ఆడమనిషి ఎదురైతే ఇంటికి తిరిగొచ్చేసేది. నీ టైమే ఖాయం" అన్నారు. మా వంటింట్లో కూర్చుని రెండు పెసరట్లు తిని, కాఫీ తాగి, పదిన్నర ఎప్పుడవుతుందా అని గడియారంకేసి చూస్తూ కూర్చున్నారు. పది ఇరవై తొమ్మిదికి బూట్లు కట్టుకున్నారు పాపం.

దారి చాలా తేలిక. టోల్ రోడ్డు పట్టుకుని చికాగోకి దక్షిణంగా చుట్టి గ్యారీ దాకా, అక్కణ్ణుంచి ఇండియానా టోల్ రోడ్డు మీద తూర్పుకి. మధ్యలో చిల్లర వేసే బుట్టలుండేవి, అందుకని క్వార్టర్ నాణేల డబ్బా ఒకటి నా ఒళ్లో పెట్టుకున్నాను. గ్యారీ దగ్గర ఉక్కు ఫ్యాక్టరీల పొగకి కిటికీలు ఎత్తేసుకున్నాం. ఆ తర్వాతంతా కోత అయిపోయిన మొక్కజొన్న చేలు. పక్కనించి వెళ్లే కార్లన్నిటికీ ఆకుపచ్చ జెండాలు, లోపల ఆకుపచ్చ టోపీలు. ప్రతి కారుకీ డెనిస్ గారు చెయ్యూపడం, వాళ్లు హారన్ కొట్టడం. పెళ్లివారి బస్సు వెనకాల పడి వెళ్తున్నట్టుంది.

"ఐరిష్ అని టీమ్‌కి పేరెవరు పెట్టారండీ?" అని అడిగాను. "మేం పెట్టుకోలేదు. తిట్టినవాళ్లు పెట్టారు" అన్నారాయన. ఐరిష్ వాళ్లు పనికి రానక్కర్లేదని బోర్డులు పెట్టే రోజుల్లో వాళ్లమ్మ వచ్చిందట. ఎదుటి టీమ్ వాళ్లు గేలి చేయడానికి అరిచిన మాటనే వీళ్లు తీసుకుని చొక్కాల మీద రాసుకున్నారని, ఆ రోజు నుంచి దాంతో ఎవరూ వీళ్లని ఏడిపించలేకపోయారని గర్వంగా చెప్పారు. తర్వాత వెనక్కి తిరిగి, "మరి మీ ఇంటిపేరుకి అర్థమేంటి?" అన్నారు.

నా ప్రాణం ఉసూరుమంది. మా ఆయన ఇంటిపేరు దోమ. పెళ్లిచూపుల రోజు నుంచీ మా అక్కచెల్లెళ్లు నన్ను ఏడిపించని రోజు లేదు. హాస్పిటల్లో ఎవరైనా అర్థం అడిగితే 'ఏదో పాతకాలం పేరు' అని దాటేసేదాన్ని. ఆ రోజు ఎందుకో నిజం చెప్పేశాను. డెనిస్ గారు తొడ చరుచుకుని, "ఫైటింగ్ మస్కిటోస్! ఇంతకంటే మంచి టీమ్ ఎక్కడుంది? పట్టుకోలేరు, కొట్టలేరు, నిద్రపోనివ్వదు!" అని పడీపడీ నవ్వారు. మా ఆయన కూడా స్టీరింగ్ పట్టుకుని కిసుక్కుమన్నారు. పెళ్లయిన అన్నేళ్లకి ఆ పేరు విని నేను నవ్వడం అదే మొదటిసారి.

నా వాచీలో సరిగ్గా పన్నెండూ నలభైకి కాలేజీ పార్కింగ్‌లోకి వచ్చాం. కార్ల డిక్కీలు తెరిచి పొయ్యిలు పెట్టి, బళ్ల పక్కనే వంటలు చేసుకుని తింటారని, పిల్లలు ఐరిష్ డాన్సులు చేస్తుంటారని డెనిస్ గారు దారంతా ఊరించారు. కార్లున్నాయి, పొయ్యిలున్నాయి, బల్లల మీద సగం తిన్న ప్లేట్లున్నాయి. మనుషులు లేరు. ఒకే ఒక్కాయన, పెద్ద ఏప్రన్ కట్టుకుని, సాసేజ్‌లు కాల్చిన పెనం గీకుతున్నాడు. దూరంగా స్టేడియంలోంచి హోరు వినిపించింది.

"అందరూ అప్పుడే లోపలికి వెళ్లిపోయారా?" అని అడిగాను.

"అప్పుడే ఏంటమ్మా? ఆట మొదలై పది నిమిషాలైంది" అన్నాడు వంటాయన. "ఒంటిగంటా నలభై."

నేను వాచీ చూపించాను. ఆయన జాలిగా చూశాడు. "చికాగో నుంచా? శీతాకాలంలో మేం మీకంటే గంట ముందు."

జూలైలో ఇదే ఊళ్లో మా స్నేహితులింటికి వచ్చాం. అప్పుడు ఇక్కడి గడియారం, మా గడియారం ఒకటే చూపించాయి. ఆ ధీమాతోనే లెక్క వేశాను. ఆ రోజుల్లో ఇక్కడివాళ్లు ఎండాకాలం, శీతాకాలం అని గడియారాలు మార్చుకునేవారు కారు, అక్టోబరు చివర్లో మేం మా గడియారాలు వెనక్కి తిప్పుకున్నాం. అంతే, గంట తేడా వచ్చిపడింది. డెనిస్ గారికీ తెలియలేదు, ఎప్పుడూ రాత్రే వచ్చి తమ్ముడింటి గడియారం చూసుకునే మనిషాయె. ఆయన టోపీని కోటు జేబులోంచి తీసి చూసి, మళ్లీ లోపల పెట్టుకున్నారు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఏడాదికి ఆయన కోరుకున్న ఆ ఒక్కటీ నా రాహుకాలం వల్ల తప్పింది. అది చాలదన్నట్టు మా ఆయన మెల్లిగా, "ఇండియానా టైము ప్రకారం చూస్తే రాహుకాలం మనకి తొమ్మిదిన్నరకే అయిపోయింది రాజ్యం" అన్నారు. అప్పుడు నేను చూసిన చూపుకి ఆయన గబుక్కున వంటాయన పక్కన కుర్చీలో కూర్చున్నారు.

టికెట్లు రెండే, అన్నదమ్ములవి. కాబట్టి డెనిస్ గారు, నేను వెళ్లాం. ఆయన మోకాలి నొప్పితో గేటు దాకా ఇరవై నిమిషాలు పట్టింది. మెట్లెక్కి మా వరసలోకి వచ్చేసరికి రెండో క్వార్టర్, అంటే ఆటలో రెండో పావు భాగం, మొదలైంది. ఐరిష్ మీద అవతలివాళ్లు పద్నాలుగు పాయింట్లు కొట్టేసి ఉన్నారు, మనవాళ్లకి సున్నా. ఆకుపచ్చ కోట్లలో ఉన్న జనమంతా చావు కబురు విన్నట్టు కూర్చున్నారు. టామ్ సీట్లో నేను పట్టుచీర మీద స్వెట్టరు, దాని మీద కోటుతో కూర్చున్నాను. డెనిస్ గారు టోపీ తీసి, సీటు మీద పెట్టడానికి చోటు లేక, ఒక్క క్షణం ఆగి, నా నెత్తిన పెట్టారు. "టామ్ సీట్లో ఎవరూ టోపీ లేకుండా కూర్చోకూడదు" అన్నారు.

ఆ మరుక్షణమే మనవాడొకడు బంతి పట్టుకుని మైదానం ఈ చివర నుంచి ఆ చివరికి పరుగెత్తాడు. జనం అరుపులకి నా చెవులు చిల్లులు పడ్డాయి. వెనక వరసలోంచి మార్గీ అనే భారీ మనిషి, చెంపల మీద ఆకుపచ్చ రంగుతో, నా భుజాలు రెండూ పట్టేసుకుంది. "నువ్వెవరో నాకు తెలీదు. కదలకు! టోపీ తియ్యకు!" అంది. బాత్రూమ్‌కి కూడా పోనివ్వలేదు ఆ మహాతల్లి. మూడో క్వార్టర్లో బ్యాండు ఐరిష్ పాట ఎత్తుకుంటే స్టేడియమంతా లేచి గెంతులేసింది, నేనూ కుచ్చిళ్లు ఎగ్గట్టి గెంతాను. చివరికి పదిహేడు, పద్నాలుగుతో గెలిచారు. ముక్కూమొహం తెలియనివాళ్లంతా నన్ను కావలించుకున్నారు. "ఎవరీవిడ?" అని మార్గీ అడిగితే, డెనిస్ గారు ఊరంతా వినేలా "మస్కిటో!" అని అరిచారు. వరస వరసంతా అదే అందుకుంది.

బయట పార్కింగ్‌లో ఎవరో అకార్డియన్ వాయించడం మొదలుపెట్టారు. మార్గీ ఎండుద్రాక్ష వేసిన సోడా బ్రెడ్ కోసి పెట్టింది. మా ఆయన అప్పటికే వంటాయనకి మా పులిహోర సగం ఇచ్చి మూడు సాసేజ్‌లు లాగించేశారు. అక్కడ గ్లాసులెత్తి ఒక్కొక్కరు తమ అమ్మల ఊరు చెప్పడం ఆచారం. ఒకరు కెర్రీ అన్నారు, ఒకరు గాల్వే అన్నారు, డెనిస్ గారు మేయో అన్నారు. నా వంతు వస్తే తెనాలి అన్నాను. "తెనాలి!" అని యాభైమంది గ్లాసులెత్తారు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

మరుసటి ఏడు గడియారం నాలుగుసార్లు సరిచూసుకుని, శకునాలు పక్కనపెట్టి, గంటన్నర ముందే వెళ్లాం. గేటు దగ్గర మార్గీ చేతులు చాపి నిలబడింది. "నువ్వు ఇప్పుడు లోపలికెళ్తే ఓడిపోతాం మస్కిటో. రెండో క్వార్టర్లో రా." నవ్వులాటకి అనుకున్నాను, కాదు. మా వరసంతా తీర్మానించుకున్నారట. నేనే రాహుకాలం మనిషిని, ఏ మొహం పెట్టుకుని కాదంటాను? "మీరు వెళ్లండి డెనిస్ గారూ, కిక్కాఫ్ మళ్లీ తప్పుతుంది" అని బతిమాలాను. ఆయన నా పక్కనే గోడకి ఆనుకున్నారు. "ముప్పై ఒక్క ఏళ్లు లోపల నుంచి చూశాను. బయట నుంచి ఎలా వినిపిస్తుందో ఎప్పుడూ వినలేదు" అన్నారు. లోపల డ్రమ్ములు మోగి, ఒక్క క్షణం నిశ్శబ్దమై, హోరుమని అరుపు లేచింది. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. ఆ తర్వాత ఆరేళ్లు, ప్రతి ఆటకీ, నాతోపాటే బయట నిలబడ్డారు.

డెనిస్ గారు పోయి చాలా ఏళ్లయింది. సీట్లు నాకు రాసిచ్చారు, టోపీ కూడా. కొత్త దేశంలో మన పేరు, మన పిచ్చి నమ్మకాలు దాచుకోవాలని అప్పట్లో అనుకునేదాన్ని. వాటినే నెత్తిన పెట్టుకుని ఊరేగవచ్చని నాకు నేర్పింది ఆ ఆకుపచ్చ కోట్ల జనం. నా పొరపాటుకి ఆయన నన్ను ఏనాడూ క్షమించానని అనలేదు, ఆ మాట అవసరం లేకుండా చేశారు. అంతకంటే మంచి పొరుగు నాకు దొరకలేదు.

వెళ్లేవాళ్లకి ఒక్క సలహా: ఇప్పుడు ఇండియానాలో కూడా గడియారాలు మారుస్తున్నారు, కాబట్టి ఆ వైపు ఏడాది పొడుగునా మన చికాగో కంటే గంట ముందుంటుంది. బయల్దేరే ముందే వాచీ అక్కడి టైముకి తిప్పుకోండి, కిక్కాఫ్‌కి గంట ముందే సీట్లలో ఉండండి. నాకోసం లోపల వెతక్కండి. తూర్పు గేటు బయట గోడకి ఆనుకుని, చీర మీద కోటు, నెత్తిన పాత ఆకుపచ్చ టోపీతో ఒక ముసలమ్మ కళ్లు మూసుకుని వింటూ ఉంటుంది. రెండో క్వార్టర్లో వస్తాను.