ఫోను నుదుట బొట్టు

కొత్త వస్తువేదైనా ఇంట్లోకి వస్తే బొట్టు పెట్టందే మా అమ్మకు మనసొప్పదు. కుక్కరుకు పెట్టింది, వాషింగ్ మెషీనుకూ పెట్టింది. ఆ శుక్రవారం నేను ఆఫీసుకు బయల్దేరాక, తనకు కొనిచ్చిన కొత్త ఫోనుకు పూజ చేసింది. నా కూతురు, నేను చల్లగా ఉండాలని మొక్కుకుని, నుదురు అక్కడే ఉంటుందన్నట్టు తెర పై అంచున తడి కుంకుమ దిట్టంగా అద్దింది.

మాదాపూర్‌లో నా ఉద్యోగం ఫోన్లలోని సెన్సర్లను పరీక్షించడం. ఫోను పై అంచున, కంటికి కనిపించని వెలుగు చిమ్మే చిన్న భాగం ఒకటుంటుంది. మాట్లాడేటప్పుడు ఆ వెలుగు దేనికైనా తగిలి వెనక్కి వస్తే, ఫోను తాను చెవి దగ్గరున్నాననుకుని తెర ఆర్పేస్తుంది. చెంప తగిలి అంకెలు నొక్కుకుపోకుండా ఈ ఏర్పాటు. మేం అక్కడ అట్టముక్క అడ్డం పెట్టి చూస్తాం. తెర ఆరిందా, పాస్. మా సొంత ఫోన్లు మాత్రం ల్యాబ్ బయట లాకర్లో పెట్టి వెళ్ళాలి. దిక్కుమాలిన రూలు.

మధ్యాహ్నం పిల్లకు ఉబ్బసం ఎక్కువైంది. నాకు చేస్తే ఎత్తే దిక్కు లేదు. అమ్మ అంబులెన్సుకు చేసింది. తెలుగు కోసం ఒకటి నొక్కమందట గొంతు. నొక్కడానికి తెర ఏదీ? నల్లగా ఉండిపోయింది. కాసేపటికి లైను దానంతటదే తెగింది. మళ్ళీ చేస్తే మళ్ళీ అంతే. చివరికి పిల్లను భుజాన వేసుకుని కిందికి పరుగెత్తింది. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఆటో ఆపి ఇద్దరినీ ఎక్కించి, తనూ వెంట వెళ్ళాడు.

టీకి బయటికొచ్చి అమ్మవీ వాచ్‌మన్‌వీ మిస్డ్ కాల్స్ చూసి, అతనికి చేసి సంగతి తెలుసుకుని, నేను ఆసుపత్రికి పరుగెత్తాను. అతను గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"పాప మంచిగనే ఉంది మేడం, ఫికర్ చేయకుండ్రి. పెద్దమ్మే జర పరేషాన్ అయితున్నది. ఫోన్ ఖరాబైందట."

పిల్ల మాస్కులోంచి ఊపిరి తీస్తోంది. పక్కన కూర్చున్న అమ్మ నన్ను చూడగానే భోరుమంది. "ఫోను వాడటం చేతకాక పిల్లను చంపుకునేదాన్నే."

ఆ ఫోను అందుకున్నాను. బొట్టు సరిగ్గా సెన్సర్ మీదే ఎండి ఉంది. ఫోను ఖరాబు కాలేదు. మేం ఏది చూసి పాస్ చేస్తామో అదే చేసింది. నేనూ పిల్లా చల్లగా ఉండాలని పెట్టిన బొట్టే ఇంత పని చేసిందని తెలిస్తే అమ్మ తట్టుకోలేదు. ఆమె కళ్ళు తుడుచుకునేలోగా చున్నీ చెంగుతో గట్టిగా తుడిచేశాను.

"నీ తప్పేం లేదమ్మా. ఫోనే మంచిది కాదు."

అమ్మ ఏడుపు ఆపి నా వైపు చూసింది. "ఇవన్నీ మీరు చూసేగా బయటికి పంపుతారు?"

"చూసే పంపుతాం."

"ఏం చూస్తారే మరి?" అని మొహం తిప్పుకుంది.

ఆ కోపాన్ని నా మీదే ఉండనిచ్చాను.