థర్మామీటర్ బావ చిటికెన వేలు

మా అక్క మొగుడు లాండ్రీలో ఇస్త్రీ చేసేవాడు. అక్కడే చీటీలు రాసేది నేను. ఇస్త్రీపెట్టె మీది వేడి బటన్‌ని బావ ఏనాడూ నమ్మలేదు. కుడిచేతి చిటికెన వేలు అడుగు రేకుకి ఇలా తాకించి అలా తీసి, "ఇది పట్టుకి, ఇది నూలుకి" అని తేల్చేసేవాడు. అందుకే అందరూ ఆయన్ని థర్మామీటర్ అనేవాళ్లు. ఆ పేరంటే ఆయనకి మహా సంబరం.

ఒక ఏడాది వరసగా మూడు పట్టు చొక్కాలు మాడాయి. తప్పు పెట్టెదన్నాడు బావ. యజమాని రెండు పెట్టెలు మార్చాడు. వేలిని అనుమానించాలని ఎవరికీ తట్టలేదు. బుద్ధిలేని వాళ్లం, నాతో సహా.

ఒకరోజు నాతో కబుర్లాడుతూ వేలు రేకు మీదే ఉంచేశాడు. కాలిన వాసన ముందు నాకే తెలిసింది. "బావా, వేలు!" అని అరిచాను.

"ఏమైందిరా?" అన్నాడు నింపాదిగా.

ఇద్దరు డాక్టర్లు మెడ నరం అన్నారు. మూడో ఆవిడ ఒళ్లంతా వెతికింది, ఒక్క మచ్చా లేదు. మోచేతి వెనక తడిమి ఆగిపోయింది. అక్కడ నరం తాడులా లావెక్కి ఉంది. మణికట్టు దగ్గర సన్నని నరం ముక్క తీసి పరీక్షకి పంపింది. రిపోర్టు వచ్చాక మమ్మల్ని పిలిచి చెప్పింది.

"కుష్ఠు. మచ్చల్లేకుండా నరాలకే వచ్చే రకం, అరుదు. మందులతో నయమవుతుంది. వాడటం మొదలెడితే ఇంట్లో ఎవరికీ అంటదు."

"వేలికి మళ్లీ వేడి తెలుస్తుందా?" బావ అదొక్కటే అడిగాడు.

"ఆలస్యంగా వచ్చారు. చెప్పలేను."

అక్క పళ్లెం వేరు చేయలేదు, ఏడవనూ లేదు. రోజూ మాత్రలు చేతిలో పోసి మింగేదాకా నిలబడేది. నాకూ ఏమీ అనిపించలేదు. అలా అనిపించనందుకే భయమేసింది. బావని మడతలు పెట్టే బల్ల దగ్గరికి మార్చారు. థర్మామీటర్ అని పిలవడం అందరూ వాళ్లంతట వాళ్లే మానేశారు. వేడి తెలిస్తే పెట్టె మళ్లీ ఆయనకే అన్నాడు యజమాని.

ఏడాదికి మందులు ఆపేశారు. జబ్బు పోయిందంది డాక్టరమ్మ. బావని కళ్లు మూసుకోమని నైలాన్ పోగు ఒకటి తీసింది.

"తగిలినప్పుడల్లా చెప్పండి."

బొటనవేలికి చెప్పాడు. చూపుడువేలికీ చెప్పాడు. చిటికెన వేలికి ఆనించింది, బావ పలకలేదు. మళ్లీ పోగు వంగేలా నొక్కింది, పలకలేదు. ఆవిడ పోగు బల్ల మీద పెట్టేసి కాగితం మీద రాసుకోవడం మొదలెట్టింది.

"ఆఁ, తగిలింది," అన్నాడు బావ, కళ్లు ఇంకా గట్టిగా మూసుకుని. "చిటికెన వేలే. ఇప్పుడు బాగా తెలుస్తోందమ్మా."