మా వేట, మీ పులుసు

కోపమొస్తే స్వర్ణ కంప్యూటరుతో మాట్లాడుతుంది. "నీ దుంపతెగ, నిన్న ఇక్కడే గదా ఉండింది ఆ బటను, తెల్లారేసరికి యాడికి పోయింది?" అని మేడ మీది గదిలోంచి గొంతు వినబడిందంటే, ఏదో యాప్ మళ్ళీ అప్‌డేట్ అయిందన్నమాట. కింద వాకిట్లో వల చిరుగులు కుట్టుకుంటున్న చిన్నపోలయ్య తల కూడా ఎత్తడు. పుట్టినప్పటినుంచి సముద్రంతో వేగినవాడు కాబట్టి, చెప్పాపెట్టకుండా మారిపోయే వాటిని తిట్టి లాభం లేదని ఆయనకు తెలుసు. కూతురికి ఆ సంగతి ఇంకా వంటబట్టలేదు.

మైపాడుకు దిగువన ఉన్న జాలర్ల పాలెంలో పుట్టి, నెల్లూరులో చదివి, చెన్నైలో ఒక కంపెనీలో కొన్నేళ్ళు పనిచేసి, ఆ ఊరి ఉక్కపోతా హాస్టలు సాంబారూ పడక తిరిగొచ్చేసిన మనిషి స్వర్ణ. ఇప్పుడు ఇంట్లోనే కూర్చుని వెబ్‌సైట్లు తయారుచేస్తుంది. నెల్లూరు ట్రంకు రోడ్డులో చీరల కొట్టుకు, కావలిలో పళ్ళ డాక్టరుకు, బిట్రగుంటలో ఒక ట్యూషన్ సెంటరుకు ఆమే చేసిపెట్టింది. ఆమె పనేమిటని ఎవరైనా అడిగితే, "కంప్యూటర్లో బోర్డులు రాస్తాదిలే" అని చెబుతుంది మేనత్త మస్తానమ్మ. అంతకంటే బాగా స్వర్ణ కూడా చెప్పలేదు.

బోర్డులు రాసే పెయింటరుకు డబ్బా మూత తెరుచుకుంటే చాలు, పని మొదలవుతుంది. స్వర్ణకు అలా కాదు. ముందు తాను మనిషినేనని రుజువు చేసుకోవాలి. ఏవో తొమ్మిది బొమ్మలు చూపించి, వీటిలో నిప్పులార్పే నీటి గొట్టాలు ఎక్కడున్నాయో చెప్పమంటారు. అవెక్కడో అమెరికా వీధుల్లో ఉంటాయట. ఎర్రగా పొట్టిగా ఏది కనబడితే దాన్ని నొక్కుతుంది. అది దాటితే ఓటీపీ. పక్కనున్న శ్రీహరికోట నుంచి చంద్రుడి దాకా కబురు పోతుంది గానీ, స్వర్ణ గదిలోకి ఓటీపీ రాదు. ఫోను పట్టుకుని మేడ మెట్లెక్కి నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడితే వస్తుంది, కిందికి దిగేలోపు గడువు అయిపోతుంది.

ఇవన్నీ దాటి తెలుగులో నాలుగు మాటలు రాద్దామంటే, ఒత్తులు విరిగి పక్కన పడతాయి. చీరల కొట్టు బోర్డులో శ్రీకారం రెండు ముక్కలైందని ఆ యజమాని ఫోన్లో ఏడ్చినంత పని చేశాడు. ఆ ఫాంటు చేసిన కంపెనీకి స్వర్ణ ఉత్తరం రాస్తే, "మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది" అని జవాబు వచ్చింది. విలువైనది కాబట్టి భద్రంగా దాచుకున్నారు కాబోలు, ఒత్తులు మాత్రం ఈరోజుకీ విరుగుతూనే ఉన్నాయి.

ఇవన్నీ రోజూ ఉండే తలనొప్పులే. 'వేట' అనే ఒక్క మాటతో వచ్చిన చిక్కు వేరు. అది ఆమె మనసుకు తగిలింది.

ఏటా ఏప్రిల్ నడిమి నుంచి జూన్ నడిమి దాకా కోస్తాలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని పడవలు ఒడ్డున బోర్లా పడుకుంటాయి. ఆ ఖాళీ రోజుల్లో మస్తానమ్మ మేడ మీదికొచ్చింది. పాలెంలో ఆడవాళ్ళ సంఘానికి ఆమే పెద్ద. గంప నెత్తినెత్తుకుని చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి చేపలమ్మిన మనిషి, ఎవరికీ వెరవని నోరు గల మనిషి.

"ఏమ్మే స్వర్ణా, ఊళ్ళో వాళ్ళందరికీ బోర్డులు రాసిస్తావు. మాకొకటి రాయగూడదా? ఈ తూరి మేమే నేరుగా అమ్ముకుంటాం, సావుకారు ఎందుకు మధ్యలో?"

అడగడమే ఆలస్యం అన్నట్టు స్వర్ణ పనిలో పడింది. ఇతరుల కోసం చేసినవన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. తెల్లారి సముద్రం ఫొటో తీసింది. నాయన పడవ తీసింది. వంజరం, చందువా, మాగ, కానాగంతలు, చేపలన్నీ పేరుపేరునా పెట్టింది. టైగర్ రొయ్య అనడం ఇష్టంలేక, అచ్చ తెలుగులో ఉండాలని పులి రొయ్య అని రాసింది. అన్నిటికీ పైన ఏం పెట్టాలా అని ఆలోచిస్తుంటే, మస్తానమ్మ వక్క నములుతూ అలవోకగా అనేసింది.

"ఏముండాదమ్మే. మా వేట, మీ పులుసు."

స్వర్ణ కుర్చీలోంచి లేచి అత్తను వాటేసుకుంది. పెద్ద పెద్ద కంపెనీలు మనుషుల్ని పెట్టుకుని నెలల తరబడి తలబాదుకున్నా ఇంత మాట పుట్టదు. సముద్రం ఒడ్డున ఎవరూ చేపలు పట్టడానికి పోయాం అనరు, వేటకు పోయాం అంటారు. ఆ మాటలో అల ఉంది, ప్రాణభయముంది, ఇంటి దగ్గర ఎదురుచూపులున్నాయి. దాన్నే పెద్ద అక్షరాలతో పైన పెట్టింది. ఈసారి ఒత్తు లేని మాట కావడంతో ఫాంటు కూడా ఏమీ అనలేదు.

నిషేధం ముగియడానికి ముందే సైటు తెరిచారు. తొలి వేట చేపలకు ఆర్డర్లు రావడం మొదలైంది. ఒకరోజు సంగం నుంచి పద్మనాభయ్య అనే రైతు ఫోన్ చేశాడు.

"అమ్మా, వేట అని రాసినారే, పొట్టేలు మాంసమా? మా పక్క వేటంటే అదేగదమ్మా. మరి కింద చేపల బొమ్మలుండాయి, నాకేం అర్థం కాలా."

స్వర్ణ నవ్వి విషయం చెప్పింది. ఆయనా పగలబడి నవ్వాడు. "ఓసి దాని పాసుగూలా! సరే, పొట్టేలు లేకపోతే మానె, వంజరం పంపించు" అన్నాడు. వరిపొలాల్లో ఒక అర్థం, ఉప్పునీళ్ళ పక్కన ఇంకో అర్థం. ఒక్క ఫోనుతో చిక్కు విడిపోయింది.

మస్తానమ్మ అప్పటికే సావుకారు ఇంటికి పోయి, ఈసారి చేపలకు నీ ఐసు బండి పంపొద్దు అని మొహం మీదే చెప్పి వచ్చింది. పడవలు మర్నాడు కదులుతాయనగా, స్వర్ణ సైటు తెరిచి చూసింది. సముద్రం లేదు, పడవ లేదు. తెల్లటి పేజీ మీద బూడిదరంగు అక్షరాలు మాత్రం ఉన్నాయి. అడవి జంతువుల వేటనూ, వాటి మాంసం అమ్మకాన్నీ ప్రోత్సహించినందుకు ఈ సైటును మూసివేశామని దాని సారాంశం.

ఆమెకు మొదట ఏమీ అర్థం కాలేదు. మళ్ళీ మళ్ళీ చదివింది. సైటుకు చోటిచ్చిన కంపెనీవాళ్ళ యంత్రం తెలుగును ఇంగ్లీషులోకి తిప్పుకుని చదివినట్టుంది. పైన వేట, కింద పులి. ఇంకేం కావాలి, నెల్లూరు సముద్రంలో పులుల్ని చంపి పులుసుకు అమ్ముతున్నారని తేల్చేసింది. ఫొటోలో రొయ్య మీసాలు ఇంత పొడుగున కనబడుతున్నా సరే. వేరే ఎవరికైనా జరిగుంటే స్వర్ణ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. కానీ ఆర్డర్లిచ్చిన వాళ్ళ పేర్లూ, ఊళ్ళూ, ఫోను నంబర్లూ అన్నీ ఆ తెల్ల పేజీ వెనకే ఉండిపోయాయి. రేపు పడవలు తిరిగొస్తే చేపలు ఎవరికి పంపాలో ఒక్కరికీ తెలియదు. సావుకారు బండి రాదు. ఎండకు చేప ఆగదు.

సహాయం కోసం నొక్కితే నవ్వు మొహం బొమ్మ ఒకటి వచ్చింది. "నమస్తే! మీకు సహాయపడటం నాకెంతో సంతోషం" అంది. స్వర్ణ అంతా వివరంగా రాసింది. మా పక్క చేపలు పట్టడాన్ని వేట అంటారు, పులి రొయ్య పులి కాదు, రొయ్య అని రాసింది. "పులుల గురించి మీ ఆసక్తికి ధన్యవాదాలు" అంది బొమ్మ. మనిషితో మాట్లాడాలి అని రాస్తే, మళ్ళీ నమస్తే నుంచి మొదలుపెట్టింది. సైటు తిరిగి తెరవమని విన్నపం పంపితే, టీ గ్లాసు కింద పెట్టేలోపే జవాబు తిరిగొచ్చింది. మీ విన్నపాన్ని జాగ్రత్తగా పరిశీలించి తిరస్కరించామట.

స్వర్ణ కిందికి దిగి వాకిట్లో నాయన పక్కన కూలబడింది. ఏడుపు ఆపుకోలేకపోయింది. విషయం విని చిన్నపోలయ్య సూది పక్కన పెట్టాడు. ఆయన పాలెం పెద్దల్లో ఒకడు. ఎవరైనా కట్టు తప్పితే ఆ పెద్దలే కూడి దురాయి వేస్తారు. దురాయి పడ్డ మనిషి అది ఎత్తేసేదాకా వేటకు పోకూడదు, ఒడ్డున ఎవరూ అతని పడవ మీద చెయ్యి వేయరు.

"దురాయేసినారన్నమాట మన మీద" అన్నాడు.

"అంతే నాయనా."

"మనం దురాయెయ్యాలంటే ముందు ఆ మనిషిని పిలుస్తాం. కూర్చోబెట్టి, ఇట్టా చేసినావంట, నిజమేనా అని అడుగుతాం. వాడు చెప్పేది విన్నాకనే ఏదైనా. నిన్ను అడిగినారా?"

"అడగలేదు."

"వాళ్ళల్లో పెద్ద ఎవురు?"

"తెలీదు నాయనా."

"మనిషేనా?"

స్వర్ణ ఫోనులో ఆ నవ్వు మొహం బొమ్మ చూపించింది. దురాయి వేసిన వాడి మొహం కూడా తెలియకపోవడం చిన్నపోలయ్య ఊహకు అందని సంగతి.

ఒక దారి మాత్రం మిగిలింది. ఆ పేజీ అడుగున చిన్న గడి ఉంది. 'నేను నిబంధన ఉల్లంఘించానని ఒప్పుకుంటున్నాను. అభ్యంతరకరమైన మాటలు తొలగించాను' అని పక్కన రాసి ఉంది. టిక్కు పెడితే సైటు తిరిగొస్తుంది. స్వర్ణ అది చదివి వినిపించింది. అప్పటికి మస్తానమ్మ కూడా పరుగున వచ్చింది.

"చెయ్యని తప్పుకి ఒప్పుకునేదా? రేపు నిజంగా తప్పు చేసినోడికీ మనకీ తేడా ఏముంటాది?" అన్నాడు చిన్నపోలయ్య.

"నోరు ముయ్యరా పోలయ్యా, నువ్వూ నీ న్యాయమూ" అంది మస్తానమ్మ. తమ్ముడు పెద్దమనిషయ్యాడని ఆమె ఏనాడూ లెక్కచేయలేదు. "నువ్వు న్యాయం తేల్చుకునేదాకా చేప ఆగుతాదా? సావుకారును రావద్దని ఈ నోటితో చెప్పొచ్చినా. మళ్ళీ పోయి వాడి గడపలో నిలబడమంటావా? సంఘంలో ఆడోళ్ళ మొహం ఎట్టా చూడాల నేను?"

"మాట నీది గదత్తా" అంది స్వర్ణ నెమ్మదిగా. "నువ్వు ఇచ్చిన మాట తీసేయాలి."

"మాటదేముందిలేమ్మే. అది పోతే ఇంకోటి చెప్తా. తీసెయ్."

స్వర్ణ పైకెళ్ళి కూర్చుంది. రాతలు దిద్దుకునేంత వరకే లోపలికి రానిచ్చారు. పులిని తీసేయడం తేలికే, టైగర్ అని కూడా రాయకుండా వట్టి పెద్ద రొయ్య అని పెట్టింది. వేటను తీయడం అలా కాదు. 'వేటకు పోయే పడవలు' అనేది 'చేపలకు పోయే పడవలు' అయింది. 'వేట నిషేధం' కాస్తా 'చేపల నిషేధం' అయి కూర్చుంది, చేపల్నే నిషేధించినట్టు. నాయన ఫొటో కింద వేటగాడు అని ఎంతో గర్వంగా రాసుకుంది. అక్కడ మత్స్యకారుడు అని కొట్టింది. అది ప్రభుత్వ కాగితాల్లో ఆయనను పిలిచే పేరు. ఇంట్లో, ఒడ్డున ఎవరూ అలా పిలవలేదు. అన్నిటికన్నా పైన 'మా చేపలు, మీ పులుసు' అని పెట్టింది. తప్పేమీ లేదు, అందరికీ అర్థమయ్యే మాటే. కానీ ఏ ఊరి చేపల కొట్టు వాడైనా రాసుకోగల మాట.

గడిలో టిక్కు పెట్టింది. వెంటనే సైటు తిరిగొచ్చింది. "మీ సహకారానికి ధన్యవాదాలు" అని నవ్వు మొహం పలకరించింది. స్వర్ణ దాన్ని పాలెంలో ఉన్న తిట్లన్నిటితో సత్కరించింది.

తొలి వేట బాగా పడింది. పడవలు ఒడ్డుకు చేరేసరికి ఆడవాళ్ళు ఐసు పెట్టెలతో సిద్ధంగా ఉన్నారు. స్వర్ణ ఫోను చూసి పేర్లు చదువుతుంటే, ఇది సంగానికి, ఇది నెల్లూరుకు, ఇది కావలికి అని సర్దేశారు. మధ్యాహ్నానికల్లా ఒక్క చేప మిగల్లేదు. ఇసుకలో కూర్చుని అందరూ ఒకరినొకరు వెక్కిరించుకుంటూ నవ్వుకుంటున్నారు. సావుకారు మొహం ఎలా ఉంటుందో మస్తానమ్మ నటించి చూపించింది. స్వర్ణ కూడా నవ్వింది. తాను చేసిన పనికి ఇంతమంది కడుపునిండా నవ్వడం ఆమె ముందెప్పుడూ చూడలేదు.

ఇంతలో మస్తానమ్మ ఫోను మోగింది. నెల్లూరు నుంచి ఎవరో ఆవిడ, కొత్తగా ఆర్డరివ్వాలని. మస్తానమ్మ హుషారుగా లేచి నిలబడింది.

"ఆ, మళ్ళీ ఎప్పుడంటే అమ్మా, రేపు తెల్లవారుజామున మావాళ్ళు వే..."

అని ఆగిపోయింది. ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, స్వర్ణ వైపు తిరిగింది. ఆ మొహంలో ఎప్పుడూ లేని బెరుకు.

"ఏమ్మే, ఆ మాట ఫోన్లో అంటే వాళ్ళకి వినపడతాదా? మళ్ళీ మూసేస్తారా?"

సావుకార్లనూ, బస్సు కండక్టర్లనూ, పోలీసులనూ లెక్కచేయని నోరు అది.

"లేదత్తా. ఎవురికీ వినపడదు. నీ ఇష్టమొచ్చినట్టు అను, గట్టిగా అను."

మస్తానమ్మ ఐసు పెట్టెల వైపు, ఇసుకలో కూర్చున్న ఆడవాళ్ళ వైపు చూసింది.

"వద్దులేమ్మే, ఎందుకొచ్చిన గొడవ" అంది. ఫోను మళ్ళీ చెవికి ఆనించుకుని, ఒక్కో మాటా చూసుకుంటూ చెప్పింది. "రేపు మావాళ్ళు చేపలకి పోతారమ్మా. ఆ, చేపలకి."