పంతొమ్మిది మెట్లు, ఏడుగురం

మా ఆయన పోయిన నాలుగో వారం ఆఫీసుకు వెళ్లాను. జూబ్లీహిల్స్‌లో మాదొక చిన్న ఆఫీసు. ఇళ్లకు డిజైన్లు గీస్తాం. నేనూ ఆర్కిటెక్టునే. కానీ ఇరవై ఏళ్లుగా ఆఖరి మాట మా ఆయనదే. ఏ డ్రాయింగైనా ఆయన మూలన పెన్సిలుతో టిక్కు పెడితేనే సైటుకు వెళ్లేది. ఆయన నిర్ణయాలు చాలావరకు మంచివే. అందుకే ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

ఆ రోజు మా సైట్ సూపర్‌వైజర్ డ్రాయింగు చుట్ట పట్టుకుని నా ఎదుట నిలబడ్డాడు.

"ఇగ ఎవరినడగాలె మేడమ్?"

"అందర్నీ," అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు. ఒక్కదాన్నే తేల్చలేనేమోనన్న భయంతో అన్నాను.

అన్నాక వెనక్కి తీసుకోలేదు. సోమవారం పొద్దున డ్రాయింగులన్నీ గోడ మీది బోర్డుకు పెట్టడం మొదలుపెట్టాం. ఆఫీసులో ఉన్నది ఏడుగురం. మనిషికో ఎర్ర పిన్ను. నచ్చనిచోట గుచ్చి, ఎందుకో చెప్పాలి. మాటలతో తేలకపోతే చేతులెత్తాలి. నేను మాత్రం అందరి తర్వాతే మాట్లాడాలి. ఈ నియమం పెట్టింది మా జూనియర్ ఆర్కిటెక్టు, కాకినాడ అమ్మాయి.

"మీరు ముందు మాట్లాడితే మేమంతా తలూపేస్తామండీ. అలవాటైపోయింది," అంది.

మొదట్లో అంతా నత్తనడకే. ఒక బాత్‌రూమ్ తలుపు లోపలికి తెరుచుకోవాలా బయటికా అని గంటన్నర వాదించుకున్నాం. టీలు చల్లారిపోయేవి. ఆ టీలు పెట్టి, ఆఫీసు ఊడ్చే ఆమె బోరబండ నుంచి వస్తుంది. ఏడో పిన్ను ఆమెది. "నాకేం తెల్వదు మేడమ్," అంటూ దాన్ని కొంగుకు గుచ్చుకుని తిరిగేది.

వానాకాలం మొదట్లో ఆయన ఆఖరి డ్రాయింగు బోర్డెక్కింది. ఫిల్మ్‌నగర్‌లో ఒక సినిమా ఎడిటర్ గారి ఇల్లు. ఏటవాలు స్థలం, మధ్యలో పెద్ద బండ. ఆయన ఆ బండను పగలగొట్టనివ్వలేదు. దాని పక్కనుంచి, కింద వంటింటి నుంచి పై హాలుకు ఒకే వరుసలో పంతొమ్మిది మెట్లు గీశారు. ఆసుపత్రిలో చేరడానికి వారం ముందు గీసింది. టిక్కు పెట్టలేదు. దాన్ని గీత మారకుండా కట్టించాలని నేను మనసులో ఎప్పుడో తేల్చేసుకున్నాను.

ఎవరూ పిన్ను గుచ్చలేదు. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడు ఆమె టీ ట్రే కింద పెట్టింది. కొంగుకున్న పిన్ను తీసి, సరిగ్గా మెట్ల నడుమ గుచ్చింది.

"గీడ నిలబడెటందుకు జాగ లేదు."

"మెట్ల మీద నిలబడడం దేనికి?" నియమం మరిచి నేనే ముందు మాట్లాడాను. జూనియర్ గొంతు సవరించుకుంది.

"బరువు మోసెటోళ్లు ఊపిరి తీసుకోవద్దా? మన డాబా మెట్లు గిట్లనే ఉన్నయి. పదకొండేండ్ల సంది మొక్కలకు నీళ్లు మోస్తున్న."

మా ఆఫీసు డాబా మెట్లూ ఆయన గీసినవే.

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"ఎవరడిగిండ్రు మేడమ్?"

సూపర్‌వైజర్ లేచాడు. "జర ఒక్కసారి ఎక్కి చూడుండ్రి మేడమ్. బకెట్ నేను నింపుకొస్తా," అన్నాడు, పెళ్లికి పిలుస్తున్నంత సంబరంగా.

బకెట్ పట్టుకుని డాబా మెట్లెక్కాను. ఎనిమిదో మెట్టు దాకా బాగానే ఉంది. పన్నెండో మెట్టు దగ్గర చెయ్యి గుంజేసింది. బకెట్ దించుదామంటే మెట్టు దాని అడుగంత కూడా లేదు. అది ఒరిగింది. సగం నీళ్లు నా చీర మీద, మిగతా సగం కింద నిలబడ్డ సూపర్‌వైజర్ మీద పడ్డాయి.

"తానం అయిపాయె! సబ్బొక్కటే తక్కువ!" అని అరిచాడు.

అందరూ నవ్వారు. నేనూ అక్కడే తడి మెట్టు మీద కూర్చుని కడుపు నొప్పెట్టేదాకా నవ్వాను. ఆయన పోయాక ఆ ఆఫీసులో అంత నవ్వు అదే మొదలు.

కిందికి దిగాక చేతులెత్తమంది జూనియర్. మధ్యలో ఆగే చోటు కావాలని ఆరు చేతులు లేచాయి. మిగిలింది నాది. నా సంతకం లేనిదే డ్రాయింగు చెల్లదు. నేను కాదంటే ఆగిపోతుందని అందరికీ తెలుసు. ఆయనైతే ఒప్పుకునేవారు కాదు. వాదించేవారు, బహుశా గెలిచేవారు కూడా. చీర ఒంటికి చల్లగా అంటుకుంది. చెయ్యెత్తాను.

ఆ సాయంత్రమే ఆ డ్రాయింగును నేనే మళ్లీ గీశాను. పదో మెట్టు దగ్గర, బండ ఉబ్బెత్తుగా ఉన్నచోట, ఇద్దరు కూర్చునేంత జాగా వచ్చింది. మెట్లు అక్కడ బండ వైపు తిరిగాయి. చెప్పక తప్పదు, మునుపటికన్నా బాగుంది. మరుసటి సోమవారం మా డాబా మీద కుళాయి పెట్టించాలని ఏడు చేతులూ ఒక్కసారే లేచాయి.

మొన్న ఆ ఫిల్మ్‌నగర్ ఇంటి గృహప్రవేశానికి ఏడుగురమూ వెళ్లాం. వంటవాళ్లిద్దరు సాంబారు గిన్నె మోసుకుంటూ మెట్లెక్కారు. పదో మెట్టు దగ్గర దాన్ని దించి, బండకు ఆనుకుని, చెమట తుడుచుకున్నారు.

ఆ మెట్లకు పిన్ను గుచ్చినామె మోచేత్తో నన్ను పొడిచింది. "చూసిండ్రా?"

"చూశాను."

"మంచిగుంది. గని మేడమ్, ఆ వంటింటి గట్టు ఎత్తెక్కువైంది. సోమారం మాట్లాడుదాం."